ద్వారకానగర్ పాఠం, చేపముల్లు గీత

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి బయటికొస్తే ద్వారకానగరే. తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులు, దించితే అడ్డదిడ్డంగా నిలబెట్టిన బళ్లు. సాహిత్య సభలు జరిగే పౌర గ్రంథాలయమూ ఇక్కడే. ఇవాళ మాత్రం ఆ బోర్డుల వెనక గదుల్లో చెప్పే ఒక పాఠం గురించి చెప్పుకుందాం.

అయస్కాంత క్షేత్రంలో విద్యుదావేశమున్న కణం గుండ్రంగా తిరుగుతుంది. ఇంటర్ పిల్లలకి ఇది మార్కుల ప్రశ్న. 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాని టైరు ట్యూబులాంటి టోకమాక్‌లో గోడకి తగలకుండా పట్టి ఉంచేదీ ఈ సూత్రమే. డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే పుట్టే న్యూట్రాన్‌కి ఆవేశం లేదు, బయటికి పోతుంది. హీలియం కేంద్రకం మాత్రం సెకనుకి సుమారు 13 వేల కిలోమీటర్ల వేగంతో లోపలే తిరుగుతూ తన వేడిని ప్లాస్మాకి పంచాలి. పొయ్యి ఆరకుండా ఉండాలంటే అదే ఆధారం.

చిక్కూ దానితోనే. ప్లాస్మాలో అయస్కాంత రేఖలు తంబురా తీగల్లా కంపిస్తాయని ఆల్వెన్ 1942లోనే చెప్పాడు; 1970లో నోబెల్ అందుకున్నాడు. ఆ అలకీ కణానికీ లయ కుదిరిందా, ఊయలని సమయం చూసి తోసినట్టే. అల పెరుగుతుంది. పెంచిన కణాలనే గోడమీదికి విసురుతుంది.

దీని చుట్టం ఇంకొకటుంది. అమెరికాలో ప్రిన్‌స్టన్‌లోని పీడీఎక్స్ యంత్రంలో, వేడెక్కించడానికి పంపిన కణాలే ప్లాస్మా నడిమి భాగాన్ని ఉండుండి కుదిపి, తామూ జారిపోయాయి. 1983లో ఈ సంగతి ప్రకటించారు. పరికరం గీసిన గీత అచ్చం చేప అస్థిపంజరంలా ఉందని 'ఫిష్‌బోన్' అన్నారు. వంజరం తినే విశాఖవాళ్లకి బొమ్మ గీసి చూపించక్కర్లేదు!

ఇక్కణ్నుంచి సిరిపురం మీదుగా వెళితే ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1950లలో అక్కడ కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టింది ఒక సన్యాసి, స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గోరగనమూడిలో పుట్టి, ప్రేగ్ వెళ్లి ఎక్స్‌రేల మీద పరిశోధన చేసినాయన. కాషాయానికీ ప్రయోగశాలకీ పేచీ లేదని ఈ ఊరికి అప్పుడే తెలుసు.

ఫ్రాన్సులో కడుతున్న ఇటర్ యంత్రాన్ని చుట్టి ఉండే క్రయోస్టాట్ భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారయ్యాయి. దాని ఎత్తు దాదాపు 30 మీటర్లు. హీలియం కేంద్రకాల అల్లరి అందులో పెద్దఎత్తున తేలాలి. 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం డ్యుటీరియం, ట్రిటియం కలిపేది 2039లో. ద్వారకానగర్‌లో ఇప్పుడు ఇంటర్ చదివేవాళ్లకి అప్పటికి ముప్ఫై వస్తాయి.