ముక్కలు తుడిచే వేళ

వదినగారూ, ఈ కరివేపాకు అందుకోండి. గోడ మీద పెడితే గాలికి ఎగిరిపోతుంది. నిన్న మీరు పిలిస్తే పలకలేదని ఏమీ అనుకోకండి, ఆవకాయ పనిలో ఉన్నాం. ఉన్నాం అంటే ఇద్దరమూ! కాయలు కడిగి, తడి ఆరాక ముక్కలు కొట్టింది మావారు. జీడి తీసి, టెంక మీది పొర వలిచి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచింది ఇద్దరం. తడి తగిలితే బూజు పడుతుందిగా, ఆ పని తొందరగా తెమలదు.

ఆ తెమలని పనిలోనే, మూడు నెలలుగా నోరు మెదపని మనిషి మాట బయటపెట్టారు. మరిది తీసుకున్న అప్పుకి హామీ ఉన్నారట, లక్షన్నర. ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అన్న మనిషి, ముక్క తుడుస్తూ తలెత్తకుండా చెప్పేశారు. కోపం వచ్చింది, ఎందుకు రాదు? అప్పుకి కాదండీ, నాకు చెప్పకుండా మూడు నెలలు ఆయనొక్కరే నిద్ర లేకుండా గడిపినందుకు. కానీ చేతిలో పని ఉంది కాబట్టి లేచి వెళ్ళిపోలేదు. బేసిన్ ఖాళీ అయ్యేసరికి పెన్షన్లో నెలకి ఎంత తీయాలో లెక్క తేలింది.

మొన్న మీ అమ్మాయి గురించి బాధపడ్డారుగా, హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగాల నుంచి వచ్చి ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారని. "కూర్చుని మాట్లాడుకోండి" అని మాత్రం చెప్పకండి. అలా కూర్చుంటే పంచాయితీ పెట్టినట్టుంటుంది. ఇద్దర్నీ కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీయమనండి. అల్లుడు తరిగిన ముక్కలు పెద్దవిగా ఉంటే అమ్మాయి చాకు లాక్కుని మళ్ళీ తరగకూడదు, అది గట్టిగా చెప్పండి. మావారు తొలిసారి తుడిచిన ముక్కలకి జీడి పొర ఉండిపోయింది. నేను ఆయన చూడకుండా మళ్ళీ తుడవలేదు. తుడిచి ఉంటే మరుసటేడు ఆయన పీట వేసుకుని కూర్చునేవారు కాదు.

2019లో కేంద్రం ఎవరెవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో దేశమంతా లెక్క తీయించింది. అప్పట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళకి రోజుకి 299 నిమిషాలు పట్టేది, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేసేవారు. అసలు చేసేవాళ్ళే మగవాళ్ళలో అప్పుడు నూటికి 26 మంది. తక్కినవాళ్ళు ఆ కబుర్లన్నీ పోగొట్టుకుంటున్నారు కదండీ అనిపించింది నాకు.

ఒకరి పనిలో ఒకరు చేయి వేయడమంటే మన రాజమండ్రిలోనే చూడండి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. వాళ్ళదీ చిన్నతనంలో పెద్దలు చేసిన పెళ్ళే. కానీ ఆయన తలకెత్తుకున్న పనిని ఆవిడ తనదనుకున్నారు. పంతులుగారి ఉపన్యాసాల కన్నా ఆ బిందెలే నాకు ఎక్కువ గుర్తొస్తాయి. రేవు మెట్లు దిగినప్పుడల్లా, ఇక్కడి నుంచేగా అనుకుంటాను. ఆవిడ ఆయన పనిలోకి వచ్చారు. మన ఇళ్ళల్లో మగవాళ్ళు మన పనిలోకి రావడమే ఇంకా మిగిలి ఉంది, వస్తారు, పిలవాలి అంతే. నేను ముప్ఫయ్యేళ్ళు పిలవలేదు వదినగారూ. ఆయనకి చేతకాదని నేనే అనేసుకున్నాను.

రేపటికి మూడో రోజు. జాడీ వాసెన విప్పి తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోయాలి. మీకూ కాయలు వచ్చాయటగా? ముక్కలు తుడిచేటప్పుడు అన్నయ్యగారిని పిలవండి. పొడిగుడ్డలు చాలకపోతే నా దగ్గర ఉతికి ఆరేసినవి రెండున్నాయి, గోడ మీద వేస్తాను.