క్రమపాఠం – సంవత్సర సమీక్ష

ఉగాదినాడు పంచాంగ శ్రవణానంతరం ఉద్యోగస్థులైన భక్తులు తమ రాశికి ఆదాయవ్యయాలను, రాజపూజ్యావమానాలను అడిగి తెలుసుకుంటారు. రాబోయే వత్సరంలో వృత్తియందు అభివృద్ధి ఉన్నదా అన్నదే వారి జిజ్ఞాస. అర్చకునికీ ఆ ప్రశ్న తప్పదు.

వేదాధ్యయనంలో సంహితాపాఠ, పదపాఠాల తరువాత క్రమపాఠం వస్తుంది. అందులో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో, మూడవదానిని నాల్గవదానితో జతపరచి పఠిస్తారు. గడచిన పదాన్ని మరల చేపట్టనిదే ముందరి పదం లభించదు. జటాపాఠంలోనైతే పదద్వయాన్ని విలోమంగా పలికి, తిరిగి అనులోమంగా పలకాలి. వెనుకకు మరలడం అక్కడ పురోగతిలో భాగమే.

ఆ రీతిగానే గత సంవత్సరాన్ని పరిశీలించుకున్నాను. దూరనగరంలోని ఒక ఆలయం నుండి అధిక వేతనంతో ఆహ్వానం వచ్చింది. ఇక్కడ నావద్ద ఒక బాలుడు పదపాఠం ముగించి క్రమానికి సిద్ధంగా ఉన్నాడు. 50 ఏండ్లు దాటిన నాకు ఘనపాఠంలో శ్వాస మునుపటివలె నిలువడం లేదు. అది నిలిచి ఉండగానే అతనికి ఘనాంతం అందించాలి.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఆచార్యుని పూర్వరూపంగా, అంతేవాసిని ఉత్తరరూపంగా, విద్యను వారి సంధిగా, ప్రవచనాన్ని సంధానంగా ఉపదేశిస్తున్నది. ఆచార్యుడు కూడా ఒక పూర్వపదమే. తరువాతి పదంతో కలిసినప్పుడే క్రమం సాగుతుంది.

అందుచేత ఆహ్వానాన్ని సవినయంగా నిరాకరించాను. ఈ వత్సరానికి నా సంకల్పం ప్రతి ఉషఃకాలంలో ఆ బాలునికి పాఠం చెప్పడమే. సాధకులారా, రాబోయే ఫలాన్ని విచారించే ముందు, గడచిన ఏడాదిలో ఏది చేపట్టి సాగవలెనో ఒక్కమారు యోచించండి.

శుభం భూయాత్.