చుక్కలు లెక్కపెట్టే పని

రాత్రి రెండున్నర. శంషాబాద్‌లో బే మీద నిలిపిన ఎ320 విమానం కుడి ల్యాండింగ్ గేర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చుక్కలు లెక్కపెడుతున్నాను. ఒక చేతిలో టార్చి, రెండో చేతికి వాచీ. హైడ్రాలిక్ గొట్టం అతికే చోట ఊదారంగు చుక్క ఒకటి నెమ్మదిగా లావెక్కి, కాసేపు వేలాడి, రాలి పడుతోంది. దాన్ని మేం స్కైడ్రాల్ అంటాం. ఒంటికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే ఆ రాత్రికి ఇక ఆస్పత్రే. బ్రేకులు, ఫ్లాపులు, చక్రాలు పైకి ముడుచుకోవడం, అన్నీ ఆ ద్రవం ఒత్తిడి మీదే. చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడి.

చుక్క కారినంత మాత్రాన విమానం ఆపెయ్యాలని లేదు. ఏ భాగం నుంచి నిమిషానికి ఎన్ని చుక్కలదాకా పోనివ్వచ్చో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అందుకే ఈ లెక్క. మొదటి నిమిషం హద్దులోపే ఉంది. కాక్‌పిట్‌లో ఉన్న మా మనిషికి చెప్పి ఒత్తిడి పెట్టించి, మళ్లీ లెక్కపెట్టాను. దాటింది. మూడోసారీ దాటింది.

ఆ చుక్కను ముందు చూసింది నేను కాదు. నాతో ఉన్న టెక్నీషియన్, విజయనగరం కుర్రాడు. టైర్ల గాలి చూసి పక్క బేకి వెళ్లిపోవాల్సినవాడు, గొట్టం మీద తడి కనబడితే గుడ్డతో తుడిచాడు. తుడిచి వెళ్లిపోలేదు, అక్కడే నిలబడి వేలితో మళ్లీ తాకి చూశాడు. "సార్, తుడిచాను. మళ్లీ వచ్చింది" అన్నాడు. నా దృష్టిలో ఈ వృత్తి మొత్తం ఆ రెండో తాకుడులో ఉంది.

ఆ రాత్రి మా చేతిలో నాలుగు విమానాలు. లైసెన్సున్న ఇంజనీర్లం ఇద్దరమే. రెండో ఆయన దూరంగా ఇంకో బేలో ఇంజన్ కౌలింగు తెరుచుకుని ఉన్నాడు. నా విమానం 4.50కి బయల్దేరాలి. సీలు మార్చాలి, దానికి స్టోర్సు నుంచి సరైన పార్టు నంబరు రావాలి, మార్చాక ఒత్తిడి పెట్టి మళ్లీ చుక్క చూడాలి. డ్యూటీ మేనేజర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఒక్క సెక్టారే కదండీ, దిగాక అక్కడ చూస్తారు" అన్నాడు. అవతలి స్టేషన్‌లో మా మనిషి ఒక్కడే ఉంటాడని ఇద్దరికీ తెలుసు. టెక్ లాగ్‌లో లోపం రాసి సంతకం పెట్టాను. రాశాక ఆ లోపం సరిచేసే దాకా విమానాన్ని ఎవరూ కదిపేందుకు లేదు. ఆ విమానం మూడు గంటలు ఆలస్యంగా వెళ్లింది.

రెండు నెలల తర్వాత ఆ కుర్రాడి కాంట్రాక్టు పొడిగించలేదు. అతను విమానయాన సంస్థ మనిషి కాదు, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ మనిషి. ఇక అవసరం లేదని ఏజెన్సీ ఫోన్‌లో చెప్పింది, అంతే. ఆ రాత్రికీ దీనికీ ముడి ఉందని నేను నిరూపించలేను. కానీ ఆ కుర్రాడు ముడి వేసుకున్నాడు. తర్వాతెప్పుడో ఫోన్ చేసినప్పుడు, "ఇంకోసారి అలాంటిది కనబడితే ముందు నా కాంట్రాక్టు ఎన్నాళ్లుందో గుర్తొస్తుంది సార్" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నాకు ఇంతకన్నా భయం కలిగించిన మాట మరొకటి లేదు.

మా పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు, అందుకే కొంచెం చెబుతాను. విమానం మీద చెయ్యి పెట్టేవాళ్లలో రెండు తరగతులున్నాయి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీర్లు ఒక తరగతి, లైసెన్సు లేని టెక్నీషియన్లు ఇంకో తరగతి. బోల్టు విప్పేది, చక్రం మార్చేది, రెక్క కిందికి దూరేది ఎక్కువగా టెక్నీషియన్. చూసి, పరీక్షించి, ఎగరడానికి పనికొస్తుందని సంతకం చేసేది ఇంజనీరు. ఆ సంతకం లేనిదే విమానం కదలదు. దానికోసం ఒక్కో మాడ్యూల్ పరీక్షలో 75 శాతం తెచ్చుకోవాలి, ఏళ్ల తరబడి అనుభవం చూపించాలి, ఆ తర్వాత ఒక్కో రకం విమానానికి విడిగా టైప్ రేటింగ్ తెచ్చుకోవాలి. వద్దనే హక్కు చట్టం నాకిచ్చింది. టెక్నీషియన్‌కున్నది కన్ను మాత్రమే. ఆ కన్ను చూసింది నోటిదాకా రాకపోతే నా సంతకం గుడ్డి సంతకం అవుతుంది.

మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఊళ్లో నన్నూ మెకానిక్ అనే అంటారు, నాకు ఆ మాట ఇష్టం. బ్రేకు బాగాలేని బస్సుని "బండి గేటు దాటదు" అని నాన్న డిపో మేనేజర్‌తోనే అనడం చిన్నప్పుడు విన్నాను. మేనేజర్ కేకలేసేవాడు. నాన్న ఇంటికొచ్చి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకునేవాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదాయన. రేపు తెల్లారాక కూడా ఉద్యోగం ఉంటుందన్న నమ్మకమే ఆయన చేత ఆ మాట అనిపించేది. నాన్న సంపాదన నా సంపాదనలో నాలుగో వంతు ఉండేది కాదు. ఆ నిద్ర మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టలేదు.

ఎందుకంటే ఇప్పుడున్న సంస్థకు ముందు నేను పనిచేసిన సంస్థ మూతపడింది. చిన్న సంస్థ, దాని పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. మొదట జీతం పదిహేను రోజులు ఆలస్యమైంది, తర్వాత నెల, తర్వాత మూడు నెలలు. అయినా డ్యూటీకి వెళ్లాం. జీతం లేకుండా ఎందుకెళ్లారని చుట్టాలు అడిగేవాళ్లు. మా లైసెన్సుకి ఒక షరతు ఉంది: గడిచిన రెండేళ్లలో కనీసం ఆరు నెలలు విమానం మీద పని చేసి ఉండాలి, లేకపోతే సంతకం పెట్టే హక్కు నిలవదు. అంటే ఉద్యోగం పోయిన రోజు నుంచి చేతిలోని విద్యకి కూడా గడువు మొదలవుతుంది. ఇంట్లో కూర్చున్న గుమాస్తా ఏడాది తర్వాతా గుమాస్తానే, మా సంగతి అలా కాదు.

ఆ నెలల్లో ఒక రాత్రి చక్రం బిగిస్తున్నాను. టార్క్ రెంచ్ క్లిక్‌మంది. అన్నదో లేదో నాకే అనుమానం వచ్చింది. పిల్ల స్కూలు ఫీజు గురించి ఆలోచిస్తున్నాను అప్పుడు. మొత్తం వదులు చేసి, మాన్యువల్ తెరిచి, మొదటి నుంచి బిగించాను. మా ఆవిడ గాజులు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. చివరికి తలుపులు మూశాక ఎనిమిది నెలలు ఒక హ్యాంగర్‌లో టెక్నీషియన్ జీతానికి పని చేశాను. ఆ డబ్బు కోసం కన్నా లైసెన్సు బతికించుకోవడం కోసం చేశాను. నాకు రావాల్సిన నాలుగు నెలల జీతం ఇప్పటికీ రాలేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే రాసేవాణ్ని కాదు. నెలల తరబడి జీతాల్లేక కింగ్‌ఫిషర్ ఇంజనీర్లు పని ఆపేస్తే 2012 అక్టోబరు మొదట్లో ఆ విమానాలు నిలిచిపోయాయి, అదే నెల 20న డీజీసీఏ లైసెన్సు సస్పెండ్ చేసింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపింది, వేలమంది వీధిన పడ్డారు. గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగిపోయింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు సకాలంలో అందక సగం విమానాలు నేల మీదే ఉన్నాయని ఆ సంస్థ చెప్పుకుంది. ఇంజన్ లేక ఆగిన విమానాన్ని రోజూ తుడిచి, గొట్టాలకి మూతలు పెట్టి, పిట్టలు గూళ్లు కట్టకుండా కాపాడింది ఎవరు? మేమే. దివాలా చట్టంలో కార్మికుల 24 నెలల బకాయికి మంచి వరసే ఇచ్చారు. కానీ విమానాలు అద్దెవి. అద్దెకిచ్చినవాళ్లు తమ సొత్తు వేగంగా తీసుకుపోవడానికి 2025లో పార్లమెంటు ప్రత్యేక చట్టం కూడా చేసింది. అవి వెళ్లిపోయాక అమ్మి పంచడానికి మిగిలేది తక్కువ.

ఇక మనుషుల కొరత. మా హ్యూమన్ ఫ్యాక్టర్స్ తరగతిలో ఎవరూ తప్పించుకోలేని పాఠం ఒకటుంది. 1990 జూన్‌లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక బీఏసీ వన్-ఎలెవెన్ విమానానికి రాత్రి పూట కెప్టెన్ వైపు అద్దం మార్చారు. ఆ రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువ. అందుకని షిఫ్టు మేనేజరే తెల్లవారుజామున స్వయంగా ఆ పని తలకెత్తుకున్నాడు. పాత బోల్టు పక్కన కొత్త బోల్టు పెట్టి కంటితో పోల్చుకున్నాడు. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఊడిపోయింది, కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుముదాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు.

ఆ మేనేజర్ సోమరి కాదు. బాధ్యత ఎక్కువై, మనుషులు లేని చోట తానే నిలబడ్డ మనిషి. అలాంటివాళ్లని నేను రోజూ చూస్తున్నాను, నేనూ అలా చేసినవాణ్నే. ఒకరు చేసిన పనిని ఇంకో కన్ను చూడాలంటే, ఆ ఇంకో కన్నుకి జీతం ఇవ్వాలి.

కెనడాలో గోర్డన్ డ్యూపాంట్ అనే ఆయన 1993లో మెకానిక్కుల తప్పులకు పన్నెండు కారణాలు జాబితా కట్టాడు. మా హ్యాంగర్లలో గోడల మీద ఆ పోస్టర్లుంటాయి. అలసట ఉంది, ఒత్తిడి ఉంది, వనరుల కొరత ఉంది. నిలబడి చెప్పలేకపోవడం కూడా అందులో ఒకటి. ఏటా తరగతి పెట్టి మాకు నిలబడి చెప్పమని నేర్పుతారు. పోయినసారి ఆ తరగతిలో నేను లేచి, పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్నవాడు ఎలా నిలబడతాడని అడిగాను. నేర్పడానికి వచ్చినాయన మంచివాడు, రాసుకున్నాడు. జవాబు ఆయన చేతిలో లేదు.

పని లేక ఈ పరిస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. 2023లో ఒక్క ఏడాదే ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరు పెట్టాయి. విడిభాగాల మీద జీఎస్టీని 2024 జులైలో ఒకే 5 శాతానికి తెచ్చారు. మన శంషాబాద్ పక్కనే సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని 2025 నవంబరులో ప్రధాని ప్రారంభించారు. పని పెరుగుతోంది. లైసెన్సు, రేటింగు ఉన్నవాళ్లు దుబాయ్, దోహా వెళ్లిపోతున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. మిగిలినవాళ్ల మీద విమానాల లెక్క పెరుగుతోంది, ఖాళీల్లో ఏజెన్సీ కుర్రాళ్లు చేరుతున్నారు.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీ. చుక్కను పట్టుకున్న ఆ విజయనగరం కుర్రాడి పక్క జిల్లా. ఆయనకి ఈ వ్యాసం ద్వారా నా విన్నపం. పైలట్ల విశ్రాంతికి నిబంధన గట్టిగా పెట్టాక, తగినంతమంది మనుషుల్ని ముందే సిద్ధం చేసుకోకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరులో విమానాలు రద్దై దేశమంతా విమానాశ్రయాల్లో కూర్చుని చూసింది. మా పని గంటలకీ అంత గట్టి హద్దు కావాలి. రాత్రి షిఫ్టులో ఎన్ని విమానాలకి ఎంతమంది ఉన్నారో ప్రతి సంస్థా డీజీసీఏకి నెలనెలా చూపాలి. లోపం పట్టుకుని చెప్పిన టెక్నీషియన్ కాంట్రాక్టుని ఏడాదిపాటు కారణం రాయకుండా ఆపకూడదు. మూడూ ఖర్చుతో కూడినవే, నాకు తెలుసు.

ఈ రాత్రి నా షిఫ్టులో ఐదు విమానాలు దిగుతున్నాయి. ఇంజనీర్లం ఇద్దరం, టెక్నీషియన్లు ముగ్గురు. ముగ్గురిలో ఇద్దరివి కాంట్రాక్టులే. ఒకరిది ఈ నెలాఖరుతో అయిపోతుంది.