వైర్లు పడితే పడనివ్వండి

రండి, కూర్చోండి. ఫ్యాను కింద వద్దు, ఆ చప్పుడుకి మీ మాట నాకూ నా మాట మీకూ వినపడదు. చాయ్ వస్తోంది. ఈలోగా ఒక సంగతి.

మా పక్కింటి కుర్రాడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు, చూడండంకుల్ అని ఫోను నా చేతిలో పెట్టాడు. చూద్దును కదా, ఒకటే కోటలు! తీగలల్లుకున్న బురుజులు, పచ్చిక నడుమ రాతి మేడలు, వెనక ముసురు పట్టిన ఆకాశం. శనివారం వస్తే చాలు, కారేసుకుని వెళ్లి తీసుకొస్తాడట. బాగా తీశాడు, కాదనను. చివర్లో ఓ మాట అన్నాడు: "మన దగ్గర ఇట్లాంటివి లేవు కదంకుల్!"

వాడు పుట్టి పెరిగింది ఇదే సనత్‌నగర్‌లో. రోజూ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి గోడ పక్కనుంచే కాలేజీకి వెళ్లొచ్చాడు. ఆ ఆవరణలో ఎర్రంనుమా అని ఒక నవాబు గారి మహలు ఉందంటే నోరు తెరిచాడు. మీరూ తెరిచారు. సరే, వినండి.

నవాబ్ ఫక్రుల్ ముల్క్ అని నిజాం కొలువులో మంత్రి ఉండేవాడు. ఆయన కట్టించిన పెద్ద మహలు పంజగుట్ట దాటాక వచ్చే గుట్ట మీది ఎర్రంమంజిల్. రెండోది ఇటు ఎర్రగడ్డలో. ఆయన సమాధి కూడా ఇక్కడికి దూరమేం కాదు, మన సనత్‌నగర్ పక్కనే. ఇప్పుడు ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే ఈఎస్‌ఐ, ఎస్‌ఆర్ నగర్, అమీర్‌పేట, పంజగుట్ట దాటగానే ఎర్రంమంజిల్ స్టేషన్. ఒక మహలు దగ్గర ఎక్కి ఇంకో మహలు దగ్గర దిగుతున్నాం, ఫోన్లలో తలకాయలు పెట్టి.

ఎర్రంమంజిల్ చూశారా? నూటయాభైకి పైగా గదులంటారు. యూరప్ ధోరణిలో పెద్ద పెద్ద స్తంభాలు, తోరణాలు, వాటి మీద సున్నంతో పోసిన పూలు, లతలు. అటు ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రాకు పోటీగా ఈయన గుట్ట మీద ఇది లేపాడని పాతవాళ్లు ఓ కథ చెబుతారు. నవాబుల కథల్లో సగం పందేలే. అందులో నిజమెంతో గానీ, రెండు ఇళ్లూ గుట్టల మీదే ఉన్న మాట నిజం. ఎర్రంమంజిల్ తరవాత సర్కారు చేతికొచ్చి ఇంజినీర్ల ఆఫీసయింది. నవాబుల మహలు కాస్తా ఫైళ్ల ఇల్లయింది.

ఇక్కడో తమాషా చూడండి. 2015 జనవరిలో సచివాలయాన్ని ఛాతీ ఆసుపత్రి స్థలానికి తరలిద్దామని మంత్రివర్గం అనుకుంది. అది జరగలేదు. 2019 జూన్‌లో కొత్త అసెంబ్లీకి ఎర్రంమంజిల్ కూల్చి స్థలం చేద్దామనుకుంది, శంకుస్థాపన కూడా అయింది. అంటే ఈ నవాబు గారి ఇళ్లు రెండూ వరసగా సర్కారు కంట్లో పడ్డాయి. రెండోసారి జనం ఊరుకోలేదు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్లు, నవాబు వంశం వాళ్లు కోర్టుకెక్కారు, రోడ్డెక్కారు. వారసత్వ కట్టడాలను కాపాడే పాత నిబంధనను 2015లోనే తీసేశాం కాబట్టి దీనికిప్పుడు రక్షణ లేదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. 

ఆ మూడు నెలల్లో ఎర్రంమంజిల్‌కు ఎన్ని ఫొటోలు తీశారో! అంతకు ముందు అటువైపు కన్నెత్తి చూసినవాళ్లు ఎందరు? కూలుస్తామంటే గానీ మనకు కెమెరా గుర్తురాదు. ఇదీ నా బాధ.

చాయ్ తీసుకోండి. చక్కెర తక్కువే వేయమన్నాను.

ఆ కుర్రాడికి వాడుండే ఊరి కథే ఒకటి చెప్పాను. డబ్లిన్‌లో విలియం లారెన్స్ అని బొమ్మలు, ఫ్యాన్సీ సామాను అమ్మే కొట్టు యజమాని ఉండేవాడు. ఫొటో స్టూడియో కూడా పెట్టాడు. ఆయన దగ్గర రాబర్ట్ ఫ్రెంచ్ అని ఒకాయన, అంతకు ముందు పోలీసు ఉద్యోగి, ఐర్లండంతా తిరిగి కోటలూ మేడలూ వీధులూ రేవులూ గాజు పలకల మీద తీసుకొచ్చేవాడు. 1916 తిరుగుబాటులో ఆ కొట్టు తగలబడింది. స్టూడియోలో జనం దర్జాగా కూర్చుని తీయించుకున్న ముఖాలన్నీ పోయాయి. ఊళ్ల ఫొటోల పలకలు వేరేచోట దాచి ఉండటంతో బతికాయి. దాదాపు 40,000 పలకలు ఇప్పుడు వాళ్ల జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ తరవాత 1920-23 గొడవల్లో దొరల మేడలు వరసగా కాలిపోయాయి. మీత్ జిల్లాలో సమ్మర్‌హిల్ అని ఒక మహా సౌధం 1921లో తగలబడింది, మిగిలిన గోడల్ని 1957లో పడగొట్టారు. దాన్నిప్పుడు చూడాలంటే పాత ఫొటోల్లోనే. 

ఆ మేడలంటే అక్కడి జనానికి ప్రేమేం లేదు లెండి. కౌలు పిండుకున్న దొరల ఇళ్లవి. మన గడీల మీద మనవాళ్లకు ఎంత ప్రేమో, అంతే. అయినా చూడటానికంటూ బొమ్మ ఒకటి ఉండాలిగా, తిట్టుకోవడానికైనా!

మనకూ ఒక ఫ్రెంచ్ ఉన్నాడు, ఆయనకన్నా ఘనుడే. లాలా దీన్‌దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టింది ముప్పయ్యో ఏట. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో చేరాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. పర్దా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ చేతిలో పెట్టాడు. నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. 1905లో పోయాడు. ఆయన స్టూడియో గాజు పలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 

దీన్‌దయాళ్ తీసిన భవనాలు చూస్తే ఒకటి తెలిసిపోతుంది. గోడలు నిటారుగా ఉంటాయి. ఒక్క స్తంభం వెనక్కి వాలదు. గీతలు గీసి అన్నం తిన్న డ్రాఫ్ట్స్‌మన్ కన్ను అది. పైగా ఆ రోజుల పెద్ద కెమెరాల్లో ఒక సౌకర్యం ఉండేది. పెట్టెను పైకెత్తి చూపక్కర్లేదు. లెన్సు బిగించిన పలకను మాత్రం పైకి జరిపితే చాలు, శిఖరం ఫ్రేములోకొస్తుంది, గోడలు నిలువుగా ఉంటాయి. మనం ఫోను పైకెత్తి తీస్తాం కాబట్టే మన చార్మినార్ ఎప్పుడూ తాగినవాడిలా వెనక్కి తూలుతుంది.

దీనికి మందు ఏమిటంటారా? వెనక్కి జరగాలి. మన రోడ్ల మీద వెనక్కి జరిగితే బస్సు కింద పడతాం. కనక పైకెక్కాలి. ఎదుటి మేడ మొదటి అంతస్తుకో రెండో అంతస్తుకో వెళ్లి, ఫోను నిటారుగా పట్టుకుని తీయాలి. అమీర్‌పేటలో అయితే ఏ మేడ ఎక్కినా కోచింగ్ సెంటరే, ఏ కోర్సుకొచ్చారని అడుగుతారు. ఒకచోట నాకు ఫీజు రాయితీ కూడా చెప్పారు, ఈ వయసులో.

వెలుతురు సంగతి మన కుర్రాడికి కొత్తగా తోచింది. ఐర్లండులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలే ఉంటాడు, చలికాలంలో అయితే పగలంతా నీడలు పొడుగ్గా ఉంటాయి. మనకలా కాదు. వేసవి మధ్యాహ్నం నెత్తి మీద నిలబడతాడు, తోరణాల కింద అంతా నలుపు, పైనంతా తెలుపు. సున్నపు పూలు కనపడాలంటే వెలుతురు గోడను రాసుకుంటూ పక్కనుంచి రావాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తరవాత. ఉత్తర ముఖం ఇల్లయితే మాత్రం చలికాలంలో తిరిగి లాభం లేదు, ఎండ పడదు. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. అప్పుడైతే ఆ ముఖానికి వెలుగు బాగా పడుతుంది. చెమట్లు కక్కుకుంటూ వెళ్లాల్సిందే.

ఇక అసలు గొడవ, వైర్లు. కరెంటు తీగలు, కేబుళ్లు, ఫ్లెక్సీలు, ముందర పార్కు చేసిన బైకులు. కుర్రకారంతా వీటిని యాప్‌లో చెరిపేస్తున్నారు. వేలితో ఇలా రాస్తే చాలు, స్తంభం మాయం. నాకది నచ్చదు, మీరేమనుకున్నా సరే. 2019లో ఎర్రంమంజిల్‌కు ఏసీ పెట్టెలు వేలాడుతున్నాయి, వరండాలో ఇనప బీరువాలు పేర్చి ఉన్నాయి అన్నది కూడా చరిత్రే. మహలు ఎలా బతికిందో చెప్పేవి అవే. బీరువాలు చెరిపేస్తే మిగిలేది పెళ్లిపత్రిక మీది బొమ్మ.

దీన్‌దయాళ్ మీద నాకున్న ఫిర్యాదూ అదే. బషీర్‌బాగ్ మహలు లోపలి హాలు ఆయన తీసింది చూడండి, ఝాడు దీపాలూ సోఫాలూ ఒకదాన్నొకటి రాసుకునేట్టుంటాయి. ఆ మహలు ఇప్పుడు లేదు, పేటకు పేరొక్కటే మిగిలింది. కాబట్టి ఆ ఫొటోకి దణ్ణం పెట్టాలి. కానీ అంతమందికి వండిన వంటశాల ఎక్కడ? నీళ్లు మోసినవాళ్లు ఎక్కిన వెనక మెట్లెక్కడ? నేను చూసిన వాటిలో ఒక్కదాన్లోనూ కనపడలేదు. కొలువు ఫొటోగ్రాఫరు కదా, యజమాని చూపించమన్నదే చూపించాడు. మనకెవరూ జీతమివ్వడం లేదు. మనం వెనకవైపు తీయొచ్చుగా.

తీయనిస్తే, అంటారా? ఆ మాటా నిజమే. ఒక పాత నవాబు దేవిడీలో నడిచే ఆఫీసుకెళ్తే వాచ్‌మన్ "ఫొటో నై సాబ్" అన్నాడు. ఎందుకయ్యా అంటే వాడికీ తెలియదు, లోపలి వాళ్లకూ తెలియదు. ఇవాళ్టి ఫైళ్లు తీస్తాననుకున్నారేమో. చాయ్ తాగించి, వాళ్ల తాత ముచ్చట్లు విని, మెట్ల మీద వాణ్నే నిలబెట్టి తీశాను. అప్పుడేం అడ్డం రాలేదు.

బేగంపేటలో పైగా ప్యాలెస్ ఉంది, వికారుల్ ఉమ్రా కట్టించిందే. మనవాళ్లలో అంతమంది వెళ్లొచ్చిన మహలు ఇంకోటి ఉండదు. ఎందుకంటారా? 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికా కాన్సులేటు అక్కడే. చేతిలో కాగితాలు, గుండెలో దడ, జేబులో ఫోను మాత్రం లేకుండా వేల మంది ఆ గేటులోంచి లోపలికి పోయారు. వీసా వచ్చిందా లేదా అన్నదే గానీ ఆ స్తంభాల వంక చూసినవాడు లేడు. అదే నవాబు పక్కనే స్పానిష్ మసీదు కూడా మొదలెట్టాడు. స్పెయిన్‌లో కార్డోబా మసీదు చూసొచ్చి మోజుపడి మొదలుపెట్టి, పూర్తవకముందే 1902లో పోయాడు. 1906కి కొడుకు పూర్తిచేశాడు. అక్కడ అడిగి తీసుకోవచ్చు, నమాజు వేళ కాకపోతే చాలు. లోపలి తోరణాల్లాంటివి మన ఊళ్లో ఇంకెక్కడా చూడం.

నవాబుల ఇళ్లే చెబుతున్నానని అనుకోకండి. మన సనత్‌నగర్ పుట్టిందే ఫ్యాక్టరీల కోసం. 1942లో పెట్టిన అల్విన్ మన ఊరి అసలు కోట. డబుల్ డెక్కర్ బస్సులు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, ఏం చేయలేదు వాళ్లు? ఎన్ని వేల కుటుంబాలు ఆ సైరను విని గడియారం సరిచేసుకున్నాయో! ఆ గేటు, ఆ షెడ్లు వాటి కాలంలో ఎలా ఉండేవో చూద్దామంటే ఫొటో దొరకదు. నవాబుకు దీన్‌దయాళ్ ఉన్నాడు. ఫిట్టరుకూ వెల్డరుకూ ఎవరున్నారు?

ఆ, ఆగండి. మీ మామగారు అల్విన్‌లోనే కదూ రిటైరయింది? దండలు వేసి గేటు ముందు నిలబెట్టి గ్రూపు ఫొటో తీసుంటారు, తప్పకుండా తీసుంటారు. రేపు పట్టుకురండి. ఆయన్ని నేను ఎరుగుదును, చూడాల్సింది వెనకాలది.

ఏమిటీ? అంచులు కత్తిరించి, ఆయన ముఖం ఒక్కటే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారా? ఖర్మ! ఆ ముక్కలు ఏం చేశారు? స్టూడియో వాడు నెగటివ్ ఇచ్చాడా, లేదా? కవరు ఎక్కడో ఉంటుంది. బీరువా పై అరలో, బాండు కాగితాల కింద వెతకమనండి.