20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్... అయితే ఏంటట?

హిమాయత్‌నగర్‌లో ఏ మొబైల్ షాపులో ఇయర్‌ఫోన్స్ అడిగినా ఒకటే మాట: "బాస్ అదిరిపోద్ది సార్". డబ్బా వెనక్కి తిప్పితే "20 హెర్ట్జ్ - 20 కిలోహెర్ట్జ్" అని ఉంటుంది. మూడొందల దానికీ అదే, మూడు వేల దానికీ అదే. ఆ మధ్యలో ఎక్కడ ఎన్ని డెసిబెల్స్ ఎక్కువో, ఎక్కడ తక్కువో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. పింగ్ వస్తోంది కాబట్టి అప్లికేషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది అన్నట్టు :)

నా మటుకు నాకు డబ్బు కన్నా పెద్ద గొడవ వేరే ఉంది. బాస్ బాగా పెంచిన వాటిలో మాట వెనక్కి పోతుంది. మాట వినపడక వాల్యూమ్ పెంచుతాం. నారాయణగూడ చౌరస్తా బస్సు హారన్లలో ఇంకో రెండు గీతలు పెంచుతాం. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐ.టి.యు. కలిసి 2019లో లెక్క కట్టాయి. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమే. మన కాల్స్, పాటలు, దారిలో వీడియోలు అన్నీ కూడితే 40 గంటలు ఎంతసేపు? అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకైతే రోజంతా చెవిలో క్లాసే.

అందుకే నేను బాస్‌తో మొదలుపెట్టను. ముందు టిప్ సైజు. రబ్బరు టిప్ చెవిలో సరిగ్గా మూసుకోకపోతే ఎంత మంచి దాంట్లోనైనా బాస్ పోతుంది, బయటి గోల లోపలికొస్తుంది. "బాస్ లేదు" అని తిట్టేవాళ్ళలో సగం మంది డబ్బాలోని మిగతా సైజులు తీసి కూడా చూసి ఉండరని నా అనుమానం. ఇక రెండు జతలు పోల్చేటప్పుడు రెండిటి మోత సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టనిపిస్తుంది మన చెవికి.

తర్వాత 'మాయాబజార్' (1957) పాట ఏదైనా పెట్టండి. 2010లో రంగులద్దినప్పుడు మార్చిన సౌండు కాదు, పాత మోనోది. గొంతు సరిగ్గా నడినెత్తిన వినపడాలి. ఓ పక్కకి ఒరిగితే కుడి, ఎడమ డ్రైవర్లు సరిపోలలేదని. చవక వాటిలో ఈ రోగం మామూలే. ఆ తర్వాత ఎవరైనా స్పష్టంగా వార్తలు చదివేది వినండి. శ, స తేడా తెలియకపోతే పైస్థాయి మూసుకుపోయినట్టు. ప్రతి 'స' చెవిలో గుచ్చుకుంటే ఎక్కువైనట్టు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఉంది. అది ఇంత దగ్గర్లో పెట్టుకుని యూట్యూబ్ రివ్యూలు పట్టుకు వేలాడ్డం ఎందుకో అర్థం కాదు. కచేరీ రోజు ముందు వరసలో కూర్చోండి, స్పీకర్లున్నా వేదిక మీది శబ్దం కొంత నేరుగా వస్తుంది. మృదంగం ఎడమ పక్క రవ్వముద్ద పెడతారు, ఆ దెబ్బ బరువుగా మోగి వెంటనే తగ్గుతుంది. కుడి పక్క దెబ్బకి శ్రుతి ఉంటుంది. ఇంటికొచ్చి అలాంటి కచేరీ రికార్డింగే వినండి. బాస్ ఉబ్బిన ఇయర్‌ఫోన్స్‌లో ఎడమ దెబ్బ పక్క దెబ్బ మీదికి పాకుతుంది, కుడిది శ్రుతి పోయి అట్టపెట్టె మీద కొట్టినట్టు టకటకమంటుంది. ఒక్కసారి అసలుది విన్నాక ఈ తేడా కనిపెట్టడానికి సంగీతజ్ఞానం అక్కర్లేదు.

రెండు వేల లోపు వైరువాటిలో ఇవన్నీ గట్టెక్కేవి దొరుకుతున్నాయి. కాకపోతే చాలా కొత్త ఫోన్లకి 3.5 ఎం.ఎం. జాక్ లేదు, సి-టైప్ డాంగిల్ ఖర్చు కూడా కలుపుకోండి.