ఇంటి కూలి రాయని లెక్క

మాది పాత నల్లగొండ జిల్లా, సంస్థాన్ నారాయణపూర్ వైపు పల్లె. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు యాదాద్రి భువనగిరిలో కలిశాం. మా ఇంటి మీద ఆరు మగ్గాలు నడుస్తాయి. నూలు, డిజైను, అమ్మకం మావి. నేసేవాళ్లు ఊళ్లోని ఆరు కుటుంబాలు. నేను ఆసు పోస్తాను, చిటికీ కడతాను. మా మామకు చూపు మందగించిన దగ్గర్నుంచి లెక్కల పుస్తకమూ నా చేతికే వచ్చింది.

మామ రాసిన పుస్తకం చాలా శుభ్రంగా ఉండేది. చీరకు పట్టునూలు 3,200, రంగులూ రబ్బరూ 300, నేత కూలి 2,000, మడతా రవాణా 100. మొత్తం 5,600. దుకాణానికి వేసే ధర 7,200. అంటే చీరకు 1,600 చేతిలో మిగిలేది. (లెక్క సులువుగా అర్థమయ్యేందుకు రౌండు అంకెలు చెబుతున్నాను, నూలు ధర ఏ నెలా ఒక్కచోట ఉండదు.) ఇక చీర నేసినా నేయకపోయినా నెల తిరిగేసరికి కట్టి తీరాల్సినవి: మగ్గాల షెడ్డు కిరాయి 8,000, బ్యాంకు కిస్తీ 14,000, కరెంటూ ఫోనూ 2,000, డిజైను గీసే అతనికి 8,000. మొత్తం 32,000.

32,000ను 1,600తో భాగిస్తే 20. నెలకు ఇరవై చీరలు అమ్మితే ఖర్చు గట్టెక్కుతుంది, ఇరవై ఒకటో చీర నుంచి మిగులు. బ్రేక్ ఈవెన్ అంటే ఇంతే. మగ్గానికి నెలకు నాలుగు చొప్పున ఆరు మగ్గాల మీద 24 చీరలు దిగుతాయి కాబట్టి నాలుగు చీరల మీద 6,400 లాభమని పుస్తకం చెప్పేది.

ఆ పుస్తకంలో నేను లేను. మా అత్తమ్మా లేదు. ఆసు పోసేది నేను, చిటికీ కట్టేది నేనూ మా తోడికోడలూ, కండెలు చుట్టేది అత్తమ్మ. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చీరకు అందం వచ్చేదే ఈ పనుల్లో. నేతకంటే ముందే నూలు మీద బొమ్మ లెక్కగా కట్టి (అదే చిటికీ), రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచితేగానీ మగ్గం ఎక్కే నూలు తయారుకాదు. ఈ పనులు బయట చేయిస్తే చీరకు ఆసుకు 150, చిటికీకి 550, కండెలకు 100 ఇచ్చుకోవాలి. మొత్తం 800.

ఆ 800 రాస్తానన్న రోజు మామ ఒప్పుకోలేదు.

"ఇంట్ల పనికి కూలేంది బిడ్డా? ఎవ్వరికియ్యాలె?"

"చిటికీ బయట కట్టిస్తే చీరకింతని ఇస్తం గద మామా. నేను గడితే ఉత్తదేనా?"

"గట్ల రాస్తే మనం నష్టంల ఉన్నట్టయితది గద!"

మామ అన్నది నిజమే. 1,600లోంచి 800 తీసేస్తే చీరకు మిగిలేది 800. 32,000ను దానితో భాగిస్తే నెలకు 40 చీరలు కావాలి. మా ఆరు మగ్గాలకు 24కు మించి శక్తి లేదు. నెలకు 19,200 విలువైన ఆడవాళ్ల పని ఈ ఇంట్లో జరుగుతోంది, దాన్లోంచి 12,800 వ్యాపారం తినేసి, మిగిలిన 6,400కు లాభమని పేరు పెట్టుకుంటున్నాం. నెల నెలా కిస్తీ కట్టింది మా వేళ్లు. ఇది రాసి చూపించాక మామ మళ్లీ కాదనలేదు. చీరలు కొనే దుకాణదారుకు ఏం చెప్పాలనే దిగులు మాత్రం ఆయనకు చాలా రోజులు పోలేదు.

ఆసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇంటి కూలి రాయకపోతే వచ్చే చేటు అక్కడ బాగా తెలుస్తుంది. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ చేత్తో తిప్పడం ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. భుజం పట్టేస్తుంది, రాత్రి ఆ చెయ్యి కింద పెట్టి పడుకోలేం. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, అమ్మ పేరే పెట్టారు. దాని మీద ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. మా నేత ఇళ్ల ఆడవాళ్లకు ఆయన చేసిన మేలు చిన్నది కాదు.

మరి అలాంటి యంత్రం కొనడానికి ఎన్నో ఇళ్లు ఎందుకు వెనకాడాయి? పుస్తకం ఆపింది. చేతి ఆసుకు ఖర్చు సున్నా అని రాసుకున్న ఇంట్లో యంత్రం ఆదా చేసేదీ సున్నాయే. ఎన్ని చీరలు నేసినా దాని ధర తిరిగి రాదు. అదే ఆసుకు 150 అని రాసుకుని, యంత్రం మీద మనిషి కూలీ కరెంటూ కలిపి 50 అనుకుంటే చీరకు 100 ఆదా. యంత్రం 30,000 పడిందనుకున్నా 300 చీరలకు దాని ధర తీరిపోతుంది. వానాకాలం పోగా ఏడాదికి 240 చీరలు దిగే మా నేత వేగానికి అది ఏడాదింపావు. ఒక్క వరస రాయడంలో ఉన్న తేడా ఒక భుజాన్ని కాపాడుతుంది.

పాత మహబూబ్‌నగర్ వైపు కూడా ఇదే సంగతి మరో రూపంలో ఉంది. మా ఆడబిడ్డను గద్వాలకిచ్చాం. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ నేతలోనే కుప్పడం పద్ధతిలో కలపాలి. దానికి మగ్గం దగ్గర రెండో మనిషి చెయ్యి కావాలి. చాలా ఇళ్లల్లో ఆ రెండో మనిషి నేసేవాడి భార్యో కొడుకో. కూలి మాత్రం చీరకింత అని ఒకరి పేరనే వస్తుంది. ఒక మనిషికి గిట్టిందనుకున్న కూలి ఇద్దరికి పంచితే గిట్టిందా లేదా అని ఆ ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. నారాయణపేట నూలు చీరకు చిటికీ పని లేదు గనుక అక్కడ దాచిన కూలి కొంత తక్కువ. అయితే చీరకు మిగిలేదీ తక్కువే, చీరల లెక్క పెరగాలి.

40 చీరల అంకె ముందు పెట్టుకున్నాక మేం రెండు పనులు చేశాం. షెడ్డు వదిలేసి మగ్గాలు నేసేవాళ్ల ఇళ్లకే పంపాం. కిరాయి తప్పింది, నెలకు కట్టాల్సింది 24,000కు దిగింది. కానీ జాగా వాళ్లది, వెలుతురు వాళ్లది. మా ఖర్చు వాళ్ల నెత్తిన పెడితే నేను మామతో వాదించినదానికి అర్థం ఉండదు. అందుకని నేత కూలికి వంద కలిపాం. రెండోది, కొన్ని చీరలు నేరుగా కొనేవాళ్లకే అమ్మడం మొదలుపెట్టాం, దుకాణానికీ ధర పెంచి చెప్పాం. సగటున చీరకు 7,800 వస్తోంది. ఇంటి కూలితో కలిపి ఖర్చు 6,500, మిగులు 1,300.

నెల లెక్క నేతకు సరిపోదు, ఏడాది లెక్క చూడాలి. వానాకాలంలో గుంట మగ్గం చెమ్మగిల్లుతుంది, రంగు ఆరదు. ఆషాఢంలో అమ్మకం పడిపోతుంది, శ్రావణంలో లేస్తుంది. ఏడాదిలో పది నెలలే పూర్తి పని అనుకుంటే 240 చీరలు. కట్టాల్సింది 2,88,000, 1,300తో భాగిస్తే 222 చీరలకు గట్టెక్కుతాం. అంటే మాకున్న వెసులుబాటు 18 చీరలు. ఒక్కో పడుగుకు ఏడు చీరలు దిగుతాయి. రెండు పడుగులు రంగు చెడితే 14 చీరలు పోయినట్టే.

అందుకే దుకాణదారు "మూడు వందలు తగ్గించమ్మా, ఎంతలే" అన్నప్పుడు నేను తలూపను. 7,800లో 300 నాలుగు శాతం కూడా కాదు, నిజమే. కానీ తగ్గేది 1,300లోంచి. మిగులు వెయ్యి అయితే 288 చీరలు కావాలి, మేం నేయగలిగింది 240. పట్టునూలు ధర పది శాతం పెరిగితే ఇంకా కష్టం: చీరకు 320 పోయి మిగులు 980, కావాల్సింది 294 చీరలు. ప్రభుత్వ చేనేత మిత్ర పథకం నూలు, రంగుల మీద 40 శాతం రాయితీగా మొదలైంది, అలాంటి సాయం మా ఇళ్లకు చాలా అవసరం. అయినా రాయితీని చీర మిగుల్లో కలపను. చేతికొచ్చిన రోజున వేరే పేజీలో రాస్తాను. మగ్గాల మీద పడుగుకు 22,400 చొప్పున 1,34,400 నూలు ముందే ఇరుక్కుని ఉంటుంది, దుకాణం డబ్బు నెలల తర్వాత వస్తుంది. రాని డబ్బును నమ్ముకుని ధర తగ్గిస్తే మధ్యలో వడ్డీ మింగేస్తుంది.

తగ్గించి అమ్మే సందర్భమూ ఒకటుంది. ఏడాదిలో 222వ చీర దాటాక మగ్గం ఖాళీగా ఉంటే, 6,500కు పైన ఎంతకైనా ఆర్డరు తీసుకుంటాను. ఆ చీర మీద కిస్తీ, డిజైను ఖర్చుల భారం లేదు, అప్పటికే తీరిపోయింది. 6,500 కిందికి మాత్రం దిగను. ఆ కింద ఉన్నది మళ్లీ ఇంటి ఆడవాళ్ల కూలే.

ఆసు, చిటికీ, కండెల కూలిని ఇప్పుడు నెలాఖరున లెక్కగట్టి అత్తమ్మ ఖాతాలో, తోడికోడలి ఖాతాలో, నా ఖాతాలో వేస్తున్నాం. చేతిలో డబ్బు లేని నెల బాకీగా రాస్తాం, తర్వాత తీరుస్తాం.

నేత ఇళ్ల అక్కచెల్లెళ్లకు, ఆ ఇళ్ల మగవాళ్లకు నేను చెప్పేదొక్కటే. ఈ శ్రావణానికి ధర ఖాయం చేసే ముందు పుస్తకం తీసి, నూలు ఖర్చుకంటే ముందు వరసలో ఆసు, చిటికీ, కండెల కూలి బయటి రేటుకు రాయండి. అది రాశాకే చీరకు ఎంత మిగిలిందో చూసి, ఎన్ని చీరలకు గట్టెక్కుతారో లెక్కవేసుకోండి.