కొండ దిగే బండికి

కొండదారి ఎక్కడం ఒక ఎత్తు, దిగడం మరొక ఎత్తు. ఎక్కేటప్పుడు భారమంతా ఇంజనుది, దిగేటప్పుడు బ్రేకుది. విశాఖపట్నం నుంచి అరకులోయకు శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి కొంతదూరం పోయేసరికి పొలాలు వెనకబడి కొండలు ఎదురొస్తాయి. అక్కణ్ణుంచి టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ వరకూ మలుపు మీద మలుపు. లోయ ఉన్నది సముద్రమట్టానికి రమారమి 900 మీటర్ల ఎత్తున. అంతకంటె ఎత్తయిన కొండ ఎక్కి, అవతలికి దిగితే గాని అది చిక్కదు. అందుచేత సొంత బండి ఉన్నవారికి అరకు ప్రయాణం ఇంటి వాకిట్లోనే మొదలవుతుంది.

మాది మారుతీ ఓమ్ని వ్యాను. ఈ తరహా బండి 1984లో వచ్చింది, 2019లో తయారీ ఆగిపోయింది. మాది అందులో వయసు మళ్లినదే. ప్రయాణానికి వారం ముందు వెనుక ఎడమ చక్రం లోపలివైపు తడి కనిపించింది.

మా వీధి చివర ఆర్టీసీలో మెకానిక్కుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఉన్నారు. వీధంతా ఆయన్ని మేస్త్రీగారనే పిలుస్తుంది. వచ్చి వేలితో తడి తీసి చూశారు.

"రేడియేటరు నీళ్లయితే ముందువైపు కారాలి. ఇంజనాయిలైతే నల్లగా, చిక్కగా ఉంటుంది. ఇది పల్చగా ఉంది. బ్రేకు ఆయిలే మాస్టారూ" అన్నారు. డబ్బాలో చూస్తే మట్టం కింది గీత దగ్గరకు దిగి ఉంది.

"పైన కాస్త పోసుకుని వెళ్లి వచ్చేస్తే?" అన్నది మా శ్రీమతి.

"ఊళ్లో తిరగడానికే పనికిరాదమ్మా, ఇంక అనంతగిరి ఘాటీకా?"

కారణం ఆయన చెప్పగా తెలిసింది. పేరుకు ఆయిలే గాని అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నూటికి నాలుగు పాళ్లకు కాస్త తక్కువగా నీరు చేరిందా, 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాటీలో అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడికి ద్రవం ఆవిరవుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. ఇక పెడలు నేలకంటినా చక్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది ఇందుకే.

ఆదివారం పని పెట్టుకున్నాం. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, హాండుబ్రేకు వదిలి, బండిని జాకీతో లేపి స్టాండు మీద నిలిపాం. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదట. డ్రమ్ము ఊడదీస్తే గుట్టు బయటపడింది. చక్రం లోపలి చిన్న సిలిండరులో రబ్బరు కప్పులు అరిగిపోయి, కారిన ద్రవంతో బ్రేకు షూలు తడిసి ఉన్నాయి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదబోయిన మా అబ్బాయిని మేస్త్రీగారు వారించి, తడిగుడ్డతో తుడిపించారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సిలిండరు కొత్తది వేశాం. తడిసిన షూలు మళ్లీ పనికిరావు గనుక, పట్టు సమానంగా ఉండాలని రెండోవైపువి కూడా మార్చాం.

తరవాత గొట్టాల్లోంచి గాలి తీయాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. మా శ్రీమతి డ్రైవరు సీట్లో కూర్చుంది. "తొక్కండమ్మా... అలాగే పట్టుకోండి" అంటూ మేస్త్రీగారు కింద నిపిల్ వదులు చేస్తే, గాజురంగు గొట్టంలోంచి బుడగలతో కలిసి పాత ఆయిలు సీసాలోకి వచ్చింది. నిపిల్ బిగించాకనే "ఇప్పుడు వదలండి" అనేవారు. ఆ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. డబ్బా ఖాళీ కాకుండా కొత్త ఆయిలు పోసే పని అబ్బాయిది. ఒక్క చుక్క బండి రంగు మీద పడినా వెంటనే కడిగెయ్యాలి. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు రాయిలా నిలబడింది. నిమిషంసేపు గట్టిగా తొక్కిపట్టి, ఎక్కడా చెమ్మ లేదని చూసుకున్నాకనే వీధిలో నెమ్మదిగా నడిపి చూశాం.

తరవాతి ఆదివారం అరకు వెళ్లాం. సిల్వరోకు చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లనే అల్లుకున్న మిరియపు తీగలు, కొండ కడుపులోంచి బయటికొచ్చి మళ్లీ దూరిపోయే కిరండూల్ రైలు. చూడవలసినవన్నీ తీరిగ్గా చూశాం. తిరుగుదారిలో మాత్రం అందరి చూపూ రోడ్డు మీదనే. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకుంటూ ఉంటే, మలుపుల దగ్గర మాత్రం బ్రేకు తాకిస్తూ దిగాం. ఒక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. కాలు పెట్టగానే బండి నిలిచింది. వెనకసీట్లో పిల్లల కబుర్లు ఆగనైనా లేదు.

ఘాటీ ప్రయాణానికి పులిహోర పొట్లాలూ, స్వెట్టర్లూ సర్దుకునేవారు, బయలుదేరే ముందు చక్రాల లోపలివైపు కూడా ఒకసారి వంగి చూసుకోవాలి. తడి ఉంటే తెలిసిన చేతిని పిలవాలి. కొండ ఎక్కడికీ పోదు. వారం ఆగి చూసినా అంత అందంగానూ ఉంటుంది.